ఆట పేరు

కరోనాతో మగ్గాలు ఆగిపోయి, వలస వచ్చిన తెలుగు నేతన్నలుండే నవాగామ్ అంతా చడీచప్పుడు లేకుండా ఉంది. డిగ్రీ అయ్యాక ఆన్‌లైన్‌లో క్రీడల కోచింగ్ కోర్సు చదువుతున్న కూతురు లాప్‌టాప్ ముందు కూర్చుంది. తల్లి పక్కన చేరి తెరలోకి తొంగి చూసింది.

“ఇంట్ల కూసొని ఉరుకుడు నేర్పుతరా బిడ్డా?”

“ఉరుకుడు కాదమ్మా, ఉరికించుడు. పరీక్షకు ఒకళ్లను ఆటకు తయారుచేసి వీడియో పంపాలె. లాక్‌డౌన్ల నాకెవరు దొరుకుతరు?”

“నేను లేనా?”

“నువ్వా! ఏ ఆట అని రాయాలె మరి?”

“బతుకమ్మ. ఏటేటా ఆడుత గద!”

కూతురికి నవ్వాగలేదు. “అది మా గుజరాతీ సార్‌కు సమజ్ కాదు. గర్బా అని రాయనా?”

“గర్బా వేరు, మనది వేరు. వంగాలె, చప్పట్లు కొట్టాలె, తిరగాలె. పాట మాత్రం ఆగొద్దు. మన గల్లీల పాట ఎత్తేదే నేను.”

“గంత దమ్మున్నదా నీకు?”



“ఉండె. ఆ కరోనా జరం వచ్చిపోయినప్పటి సంది రెండు చరణాలు ఎత్తుకుంటె చాలు, ఆయాసమొస్తది.”

“నాకెందుకు చెప్పలే?”

“అందరు పరేషాన్ల ఉంటిరి. గా కోర్సుల ఉన్నదా, దమ్ము పెంచుడు?”

“ఉన్నదమ్మా. ముందుగాల డాక్టర్‌కు చూపిద్దాం.” కూతురి నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఆట పేరు దగ్గర ‘బతుకమ్మ’ అని టైపు చేసింది.

“సద్దుల బతుకమ్మ నాటికి పాట సగంల ఆగొద్దు మరి, కోచమ్మా!”