ఒక్క చెంబు వుజూ

(ఎల్లారెడ్డి మసీదులో ఇరవై ఏళ్లకు పైగా ఇమాంగా ఉండి విరమణ పొందిన హాఫిజ్ అహ్మద్ సాబ్‌కు 1991లో జరిగిన సన్మాన సభలో, గిన్నెలకు కళాయి పోసే హుస్సేన్ మాట్లాడినది)

సభకు పెద్దగ కూసున్న పర్శరాములు సారుకు, కామారెడ్డి నుంచి బస్సుల నిలబడి వచ్చిన డాక్టర్ స్వామిదాసు గారికి, పూలదండలల్ల గడ్డం దాకా మునిగిన మా హాఫిజ్ సాబ్‌కు, పర్దా ఆవల కూసున్న అక్కచెల్లెండ్లకు, ముందు వరుసల కూసొని ఇప్పటికే గడియారం చూస్తున్న మా దోస్తు మైసన్నకు, అందరికి సలాములు, దండాలు. (నవ్వులు)

పర్శరాములు సారు నాకు నాలుగో తరగతి చెప్పిన్రు. ఆ యేడాదే నేను చదువు బంజేసిన. సారు బడికి మంచి పేరు వచ్చుడు అప్పటినుంచే షురువైంది. (నవ్వులు) గందుకని నా మాటలల్ల తప్పులుంటే సారును అనకుండ్రి.

ముందు మాట్లాడినోళ్ళు హాఫిజ్ సాబ్ ఖురాన్ ఎంత మంచిగ చదువుతరో చెప్పిన్రు. నాకు అంత ఇల్మ్, అంత చదువు లేదు. గిన్నెకు చిలుము పట్టిందా లేదా, గదొక్కటే తెలుస్తది. నేను మా ఇంటి ముచ్చట చెప్త. మా ఆమె మజీదాను అడిగే చెప్తున్న. "చెప్పు. గాని నన్ను పిచ్చిదాని లెక్క చెప్పకు, నిన్ను తెలివిగలోని లెక్క చెప్పుకోకు" అన్నది. ఉర్దూల అన్నది, ఉర్దూల ఇంకా గట్టిగుంటది. (నవ్వులు)

నమాజ్‌కు ముందు చేతులు, నోరు, మొఖం, కాళ్ళు కడుక్కునుడును వుజూ అంటరు. మైసన్నా, నీ కోసమే చెప్తున్న, నిద్రపోకు. మూడు మూడు సార్లు నీళ్ళు పోసుకుంటే అయిపోతది, చెంబెడు నీళ్ళ పని. కొన్నేండ్ల కింద మా మజీదాకు ఒక అనుమానం మొదలైంది. మోచేయి తడిసిందో లేదో, మడిమె దగ్గర పొడి మిగిలిందో ఏమో. మళ్ళ మొదటికెళ్ళి కడుగుడు. బిందె అయిపోయేది, తొట్టి అయిపోయేది, ఆమెకు మాత్రం అయ్యేది గాదు. ఆ యేడు ఎల్లారెడ్డిల నీళ్ళ కరువంటే వాన మీద నెపం పెట్టిన్రు గని, నాకు తెలుసు. (నవ్వులు)

మరి ఊరు ఏమనుకున్నది? ఎంత నమాజీ మనిషి, ఎంత పాక్, ఎంత శుద్ధమైన మనిషి అనుకున్నది! పసిపిల్లలను ఎత్తుకొని వచ్చి "మజీదాబీ, దువా చదివి జర దమ్ ఊదు, నీ నోటి మాట అల్లా వింటడు" అని నిలబడేటోళ్ళు. ఆమె చేతులు తోలు లేచి నెత్తురు వస్తున్నయి, అయినా జనం గా చేతులనే కండ్లకు అద్దుకుంటున్రు. ఇగో, హాఫిజ్ సాబ్ తల ఊపుతున్నరు. ఆయన గూడ ఒక శుక్రారం జుమ్మా నాడు "శుభ్రం అంటే ఆ ఇంటిని చూసి నేర్చుకోండ్రి" అన్నరు. నేను పొంగిపోయి గల్లీ అంత ఛాతీ తీసుకొని తిరిగిన.

అట్ల తిరిగిన నేను ఒకనాడు ఇంటికి వచ్చేసరికి సాయంత్రం అసర్ నమాజ్ వేళ దాటిపోతున్నది, మజీదా తొట్టి పక్కన కూసొని ఉన్నది. చేతులు కడుగుతలేదు, ఏడుస్తలేదు. "ఇగ నమాజ్ చదువ. నా వుజూ ఎన్నడు అయితలేదు. అల్లా నన్ను వాకిట్లకు రానిస్తలేడు" అన్నది.

(ఎవరో నీళ్ళు అందిస్తే) నీళ్ళు వద్దు, మాట్లాడుత.

తెల్లారే కామారెడ్డికి తీస్కపోయిన. స్వామిదాసు డాక్టర్ గారు గోళీలు రాసిచ్చిన్రు. "అమ్మా, గోళీలు సగం పని. సగం పని మీది. ఒక్కసారి కడిగి లేవండి. అనుమానం వస్తది, రానీయండి. దాన్ని పక్కన కూసోబెట్టుకోండి. నీళ్ళు మాత్రం పోయకండి. కాసేపటికి అదే లేచి పోతది" అన్నరు. మజీదా సక్కగ మొఖం మీదనే అన్నది, "డాక్టర్ సాబ్, మీరు కిరస్తానీ. నా వుజూ తప్పయితే ఆ గునా, ఆ పాపం ఎవరి మెడకు?"

ఇంకొక డాక్టరైతే కోపానికి వచ్చునేమో. ఈయన ఏం చేసిన్రు? ఆదివారం చర్చి అయినంక ఎల్లారెడ్డి బస్సెక్కి సీదా హాఫిజ్ సాబ్ ఇంటికి వచ్చిన్రు. నేను గూడ ఆడనే ఉన్న. "నేను చెప్పేది మీ మతంల తప్పయితే చెప్పండి, మానుకుంటా" అన్నరు. హాఫిజ్ సాబ్ అలమారల కితాబు తీసి తిరగేసిన్రు. "డాక్టర్ సాబ్, మా కితాబులల్ల దీనికి పేరే ఉన్నది, వస్వాస్ అంటరు. అనుమానం వచ్చినంత మాత్రాన అయిన పని కాకుండ పోదు అని గూడ ఉన్నది. ఇన్నొద్దులు నేను దాన్ని జబ్బనుకోలేదు, భక్తి అనుకున్న" అన్నరు. మళ్ళ జుమ్మా నాడు మసీదుల నిలబడి గదే మాట అందరి ముందల అన్నరు. గడ్డం నెరిసినంక "నేను తప్పు చెప్పిన" అని మైకుల అన్న మనిషిని నేను ఇంకొకలను చూడలేదు. (చప్పట్లు)

మజీదాను పిలిచి, "ఒక్క చెంబు నీళ్ళు. అయిపోతే నిలబడు బేటీ. ఏదన్న కమీ, లోటు ఉంటే ఖయామత్ నాడు, ఆఖరు లెక్క నాడు నన్ను అడుగుతరు, నేను జవాబు చెప్పుకుంట" అన్నరు. హాఫిజ్ సాబ్ ఇంటామె జన్నత్ బీ అక్క పక్కన కూసున్నది. మజీదా చెంబు ఒంచింది. నీళ్ళు అయిపోయినయి. చేయి మళ్ళ చెంబు దిక్కు పోయింది. "అక్కా, మడిమె తడవలేదేమో!" "తడిసిందో లేదో అల్లా చూసుకుంటడు, నువ్వు లేవే" అన్నది జన్నత్ బీ. లేచింది! అనుమానంతోనే నిలబడ్డది, అనుమానంతోనే నేలకు నొసలు ఆనిచ్చి సజ్దా చేసింది. సలాం తిప్పి నమాజ్ ముగించినంక నన్ను పిలిచి "ఆకలైతున్నది" అన్నది. ఆ జబ్బుల ఆమె తిండి గూడ మరిచింది, నేను గా ఆకలి కోసం ఎన్ని దర్గాలు తిరిగినో మీకు తెల్వది. (చప్పట్లు)

ఒక్కనాడే పోలేదు జబ్బు. పోయింది, మళ్ళ వచ్చింది, మళ్ళ గోళీలు, మళ్ళ చెంబు. రంజాన్ ఉపవాసాలల్ల గోళీలు ఎట్ల అంటే డాక్టర్ గారు, హాఫిజ్ సాబ్ ఇద్దరు కూసొని తెల్లారగట్ల సహరికి ఒకటి, పొద్దుగూకినంక ఇఫ్తార్‌కు ఒకటి అని మలిపిన్రు. ఆఖరుకు అదే అలిసిపోయింది, మా మజీదా అలవలేదు. ఇప్పుడు బీబీపేట నుంచి గూడ తావీజ్ కోసం, తాయెత్తు కోసం జనం వస్తే, హాఫిజ్ సాబ్ దమ్ చేసి, "దువా నాది, కామారెడ్డి బస్సు చార్జి మీది" అంటున్నరు. ఆడ డాక్టర్ గారేమో "నమాజ్ మానలేదు గదా?" అని అడిగి గోళీ రాస్తున్నరు. ఎవరు ఇమామో, ఎవరు డాక్టరో మైసన్నకు ఇంకా సమజైత లేదు. (నవ్వులు)

హాఫిజ్ సాబ్, మీరు మసీదు నుంచి దిగుతున్నరు గని మా ఇంట్లకెళ్ళి దిగలేరు. డాక్టర్ గారు, జన్నత్ బీ అక్కా, మీకు షుక్రియా అంటే చిన్నగుంటది, అయినా నా దగ్గర గంతే ఉన్నది, తీసుకోండ్రి.

ఇంకొక్క ముచ్చట. జబ్బున్న రోజులల్ల మజీదా బియ్యం కడుగుడు మొదలుపెడితే పొద్దుగూకేది. వంట నేను చేసేటోణ్ణి, పిల్లలు ఉపవాసం ఉన్నట్టే ఉండేటోళ్ళు. ఇయ్యాల మీరందరు తినబోయే బగారన్నం, దాల్చా ఎవరు వండిన్రు అనుకుంటున్నరు? పొద్దుటికెళ్ళి పొయ్యి కాడ నిలబడి, దేగ్‌లకు దేగ్‌లు మజీదానే వండింది! (చాలాసేపు చప్పట్లు) వండేముందు చేతులు కడుక్కున్నదా అని మాత్రం ఎవ్వరు అడగకుండ్రి. కడుక్కున్నది. ఒక్కసారి. అన్నం చల్లారుతది, లేవండ్రి. నాకు సెలవు.