పేరు లేని మిద్దె

సూర్యాపేటలో ఒక ఇంటర్నెట్ ఆఫీసు. కోదాడ వైపు రౌటర్ ఒకటి పొద్దున ఆగిపోయింది. తెర మీద ఎర్రగా వెలుగుతున్న దాని పేరు చూపిస్తూ మేనేజరమ్మ తన ఇంజినీరును నిలదీసింది.

“‘కాలనీ-రెండు’ అంటే ఏందయ్యా?”

“రౌటర్ పేరు మేడం. నంబర్లు యాదికుంటలేవని పేర్లు పెట్టుమన్నరు కదా.”

“డబ్బా ఎవరి మిద్దె మీద ఉంటే వాళ్ల పేరు పెట్టుమన్న.”

“పెట్టిన మేడం. సూడుండ్రి, దామోదర్ సార్, విజయలక్ష్మి మేడం...”

“అబ్బో, సార్లు, మేడంలు గూడ తగిలించినవ్! ఎంత మర్యాద నీది! మరి ఇదెవరి మిద్దె?”

“అది చిలుకూరు కాడ... ఎస్సీ కాలనీ మేడం. ఎవరో పెద్దాయన ఇచ్చిండు.”

“ఆయనకు పేరు లేదా?”

“ఉంటది మేడం. అడగలే.”

“నువ్వు అడగలే. కాలనీ అంటే సిమెంట్ ఫ్యాక్టరీ కాలనీ అనుకొని, రిపేరుకు పంపిన మన టెక్నీషియన్ సాంసన్ మేళ్లచెరువు పోయిండు. సగం కోదాడకు నెట్ లేదు.”

“ఇప్పుడే ఫోన్ చేసి చెప్త మేడం.”

“చిలుకూరు పోయి ఎవరి ఇల్లని అడగాలె? పెద్దాయన ఇల్లనా?”

అతను తీసిన ఫోన్ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

“డబ్బా బిగించేటప్పుడు ఎంతసేపున్నవ్ ఆడ?”

“పొద్దుగూకే దాక మేడం.”

“అంతసేపున్నవ్. ఛాయ్ అన్న ఇచ్చిన్రా?”

“ఇచ్చిన్రు.”

“తాగినవా?”

“తాగలే మేడం.”

“అయితే సాంసన్‌ను వాపస్ రమ్మను. నువ్వే పో. రౌటర్ బాగు చెయ్యి, ఆయన పేరు అడిగి రా.”

“సరే మేడం.”

“ఈసారి గూడ ఛాయ్ ఇస్తరు.”