పెన్సిల్ తెచ్చుకునేదాకా ఆగిన గొంతు

1999 ఏప్రిల్ 10, శనివారం ఉదయం శ్రీమతి జొన్నల పర్సిస్ గారు అమెరికాలో అరోరా నగరంలోని మన ప్రజా రేడియో కేంద్రంలో స్వచ్ఛంద వ్యాఖ్యాతగా అడుగుపెట్టారు. అప్పటికి వారానికోసారి గంటసేపు వచ్చే మన తెలుగు కార్యక్రమం 'తెలుగు గంట'కు ఉన్న ఆస్తి ఒక మైకు, ఒక కాలు ఊగే కుర్చీ. 2004లో పూర్తికాలపు ఉద్యోగినిగా నియమితులైన నాటి నుండి వాతావరణ హెచ్చరికలు, టీకా శిబిరాలు, బస్సు వేళల మార్పులు మొదలుకొని ఇంగ్లీషు రాని పెద్దవారికి అవసరమైన సమస్త సమాచారాన్నీ వారు తమ భుజస్కంధాలపై మోశారు. "ఇంతా చేసి వినేది ఎంతమంది?" అని బోర్డు సమావేశంలో ఒకరు అడిగితే, "ఒక్కరే అనుకోండి సార్, ఆ ఒక్కరికీ ఇంగ్లీష్ రాదు కదా!" అన్నారు. వాణిజ్య ప్రకటనలపై బతికే కేంద్రం ఆ ఒక్కరి కోసం మైకు తెరవదు. ప్రజల కేంద్రం తెరిచి తీరాలి.

ఫోన్ నంబరు చదివే ముందు వారికొక పద్ధతి ఉండేది. "పెన్సిల్ తెచ్చుకోండి, నేనిక్కడే ఉంటాను" అని, నిజంగానే పది సెకన్లు ఆగేవారు. రేడియోలో నిశ్శబ్దం మహాపరాధమని నేర్చుకున్న సౌండ్ ఇంజనీరు కేశవరావుకు, అనగా ఈ వ్యాసకర్తకు, ఆ పది సెకన్లూ కంట్లో నలుసులా ఉండేవి.

2014 జనవరిలో, చలి ఎముకలు కొరికిన వారంలో, వారు రికార్డు చేసి ఇచ్చిన ప్రకటనలోంచి కేశవరావు ఆ విరామాన్ని కత్తిరించేశాడు. తన పనితనానికి తానే మురిసిపోయాడు కూడా. ఇంట్లో హీటర్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పే ప్రకటన అది. అది ప్రసారమయ్యాక, సోమవారం సుబ్బులు గారనే పెద్దావిడ పర్సిస్ గారికి ఫోన్ చేశారు.

"కళ్ళజోడు వెతుక్కునేలోపే నంబరు వెళ్ళిపోయిందమ్మా. అల్లుడు డ్యూటీ నుంచి వచ్చేదాకా మూడు దుప్పట్లు కప్పుకుని వణుకుతూ కూర్చున్నా. అంత తొందరేమొచ్చింది నీకు?"

పర్సిస్ గారు ఇంజనీరు ఊసే ఎత్తలేదు. ఆ శనివారం మైకు ముందు, "పోయిన వారం నేను తొందరపడ్డాను, క్షమించండి" అన్నారు. అద్దానికి ఇవతల కేశవరావు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

నేడు పదవీ విరమణ చేస్తున్న వారితో పాటు తెలుగు గంటా విరమిస్తోంది. "ఎవరైనా ఈ పని నేర్చుకోండి" అని వారు అడిగినప్పుడల్లా "నెక్స్ట్ ఇయర్ చూద్దాం మేడమ్" అంటూ వచ్చాం. ఇక ఆ వేళకు రికార్డు చేసిన సంగీతం వస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, అందుకు మేమందరం సిగ్గుపడుతున్నాం.

పోయిన శనివారం, చివరి ప్రసారం అయ్యాక, కేశవరావు స్టూడియోలోకి వెళ్ళాడు.

"మేడమ్, అప్పుడు ఆ గ్యాప్ కట్ చేసింది నేనే."

"తెలుసండీ. ఎడిటింగ్ మీరు కాక ఇంకెవరు చేస్తారు?" వారు నవ్వారు. "మీరే చెప్తారని ఆగాను. పెన్సిల్ తెచ్చుకోడానికి మీకు పన్నెండేళ్ళు పట్టింది, అంతే."

పర్సిస్ గారు భర్త ఆనందబాబు గారితో, బిడ్డలతో, ఆయురారోగ్యాలతో, ఏ తొందరా లేకుండా నిండు నూరేళ్ళు జీవించాలని మనసారా కోరుకుంటున్నాం. అందులో ఒక్క సెకను కూడా ఎవరూ కత్తిరించకుందురు గాక.