గురువారం ఆడవాళ్ల వంతు

నా పేరు రైమో టుప్పురైనెన్. వయసు యాభై మూడు. దీవి ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్లుగా రోగుల మంచాలు తోస్తున్నాను. ఎనిమిదో తరగతి పాసయ్యాను, తొమ్మిదో తరగతి గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాను. పోలీసు కేసులు లేవు. ఆసుపత్రిలో ఫిర్యాదులు ఉన్నాయి. డాక్టర్ల గదిలో గడియారం ముప్పావుగంట ముందుకు తిప్పింది నేనే, సూపు గిన్నెలో రబ్బరు చెయ్యి వేసింది నేనే. ఈ విచారణలో తమరు ఇప్పుడు అడుగుతున్న పని మాత్రం నవ్వులాటకు చేసింది కాదు. నాకెవరూ సాయం చేయలేదు.

రోగి పేరు వేయ్కో హాప్సారి. డెబ్బయ్యొక్క ఏళ్లు, వలలు బాగుచేసేవాడు, మా రేవులో పక్కింటి మనిషి. షుగరు వల్ల పదకొండేళ్ల కిందట ఎడమకాలు తీసేశారు. మూడు వారాలు నొప్పితో మెలికలు తిరిగాక ఆ నొప్పి మీదే కోశారు. కాలు పోయింది, నొప్పి ఉండిపోయింది. లేని పాదంలో బొటనవేలు వెనక్కి మడిచినట్టు ఉంటుందట. విప్పుకుందామంటే వేలు లేదు. ఒకసారి గోకమన్నాడు. ఖాళీ దుప్పటి మీద గోకాను. కొంచెం పైకి అన్నాడు. పైకి గోకాను. తమరు నవ్వితే నవ్వండి, నేనూ మొదట నవ్వాను.

ఈసారి కుడికాలు. మార్చి పదమూడు, గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటకు ఆపరేషన్. ముందురోజు పొద్దున్నే నొప్పి డాక్టరు సారెలా గారు ఓడలో రావాలి. తొడ వెనక నరం పక్కన సన్నని గొట్టం పెట్టి తిమ్మిరి మందు ఎక్కించాలి. కోసే ముందే నొప్పి అణగాలి, కోశాక కూడా కొన్నాళ్లు ఆ మందు పారాలి. అలా రాసి ఉంది, కాగితం నేను చూశాను. కానీ పొగమంచుకు బుధవారం ఓడ ఆగిపోయింది. గురువారం పొద్దున కూడా రాలేదు, మంచు విడితే మధ్యాహ్నానికి వస్తుందన్నారు.

ఉదయం 11.20కి సర్జను లిండ్రూస్ గారు వచ్చారు. ఆయనకు రోగికన్నా గోడ గడియారమంటే గౌరవం ఎక్కువ.

"గొట్టం లేకుండానే చేసేద్దాం వేయ్కో. మత్తులో ఉంటావు, నీకేం తెలుస్తుంది?" అన్నారు.

వేయ్కో "సరే" అన్నాడు.

వద్దని ఎందుకు అనలేదని తమరు అడిగారు. మా దీవుల మనిషికి డాక్టరు ఎదురుగా ఇంకో మాట రాదు. కాలు తీస్తామన్నా సరే, తల తీస్తామన్నా సరే. డాక్టరు గుమ్మం దాటాక నా చొక్కా పట్టుకున్నాడు.

"ఒరే రైమో, ఒక్క లేని కాలుతోనే నిద్ర లేదురా. రెండో దాన్ని నేను మొయ్యలేను."

"ఆ ముక్క ఆయనతో చెప్పొచ్చుగా?"

"చెప్పలేదా? సరే అన్నాగా."

"అది చెప్పడమట్రా ముసలోడా?"

సిస్టర్ అనేలీని అడిగాను, ఒకరోజు ఆగితే ప్రాణానికి ముప్పా అని. జ్వరం లేకపోతే ఆగొచ్చు, వస్తే గంట కూడా ఆగకూడదు అంది. అంతే అంది. ఆమె నాకు సాయం చేయలేదు.

12.25కి ఆపరేషన్ గదికని మంచం తోశాను. లిఫ్టులో పై మీట బదులు కింది మీట నొక్కాను. నేలమాళిగలో సిబ్బంది ఆవిరి స్నానాల గది ఉంది, మగవాళ్లకూ ఆడవాళ్లకూ వేర్వేరు రోజుల్లో. పొయ్యి చెడిపోయి రెండు వారాలైంది, ఆ సంగతి పై అంతస్తువాళ్లకు తెలియదు. బట్టలు మార్చుకునే గదిలో మంచం పట్టింది. బయట 'ఆడవాళ్ల వంతు' అన్న చెక్క తగిలించి లోపల గడియ పెట్టాను. గురువారం నిజంగానే ఆడవాళ్ల వంతు. ఆ చెక్క ఉన్న తలుపు ఈ దేశంలో ఏ మగాడూ తెరవడు, ఇల్లు కాలుతున్నా సరే.

1.10కి కాపలా మనిషి తలుపు తట్టాడు. ఆవిరి కోసం పోసినట్టు, పొయ్యి మీది చల్లటి రాళ్ల మీద చెంబుడు నీళ్లు పోశాను. రాళ్లు సుయ్ మనలేదు. నేనే నోటితో సుయ్ మన్నాను. "క్షమించండమ్మా" అని వెళ్లిపోయాడు. వేయ్కో దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో చూడలేదు.

అరగంటకోసారి జ్వరం చూశాను. 37.2. 37.4. 37.4. ముప్పై ఎనిమిది డిగ్రీలు దాటితే జ్వరమే, తలుపు తీసేద్దామని అనుకున్నాం. దాటి ఉంటే నేను ఇవాళ వేరే కేసులో కూర్చునేవాణ్ణి, అది నాకు తెలుసు. నిద్రపట్టనప్పుడు ఆ అంకెలే కనబడుతున్నాయి. రెండు గంటలప్పుడు తలుపు బయట ఒక ఫ్లాస్కు కాఫీ, రెండు బన్నులు ఉన్నాయి. ఎవరు పెట్టారో చూడలేదు.

2.35కి ఓడ కూత వినబడింది. 2.50కి మంచం నేనే పైకి తోశాను. లిండ్రూస్ గారు లిఫ్టు దగ్గరే నిలబడి ఉన్నారు.

"రైమో, ఈసారి నవ్వు రావట్లేదు."

"నాకూ రావట్లేదు డాక్టర్ గారూ."

అప్పటికే ఆయన ఒంటిగంట వంతు ఒక తుంటి విరిగిన ఆవిడకు పోయింది. సాయంత్రం నాలుగింటికి సారెలా గారు గొట్టం పెట్టారు. "హామీ ఇవ్వలేను తాతా. ఇలా చేసినా కొందరికి వస్తుంది. తగ్గే అవకాశం కోసం చేస్తున్నాం" అన్నారు. వేయ్కో మామూలుగానే "సరే" అన్నాడు. ఐదింటికల్లా కుడికాలు మొద్దుబారింది. నెల తర్వాత మొదటిసారి ఆ రాత్రి నిద్రపోయాడట. పద్నాలుగో తేదీ ఉదయం పదింటికి కాలు తీశారు. గొట్టం ఐదురోజులు ఉంచి, నిన్న మధ్యాహ్నం తీసేశారు.

నన్ను ఉద్యోగం నుంచి ఆపారు. ఆపితే ఆపారు, నా నడుమూ అరిగిపోయింది. చేసిన పని తప్పని ఒప్పుకుంటాను. మళ్లీ చేస్తావా అని అడిగారు. దానికి జవాబు రాయొద్దు.

ఇవాళ ఇక్కడికి వచ్చేముందు 8.15కి వేయ్కోను చూశాను. ఎడమది ఎప్పటిలాగే పీకుతోందన్నాడు. కుడిది అడిగాను.  కళ్లు మూసుకుని దుప్పటి మీద చెయ్యి పెట్టి, అటు జరిపి, ఇటు జరిపి చాలాసేపు వెతికాడు.

"ఏం లేదురా. అక్కడేం లేదు" అన్నాడు.

కొన్ని నెలలు చూస్తేగాని ఏమీ చెప్పలేమని సారెలా గారు అన్నారు. అదీ రాసుకోండి.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. సిస్టర్ అనేలీ పేరు రెండోసారి వచ్చిన చోట కొట్టేయించాను. ఇందులో అబద్ధం లేదు, ఎవరి బలవంతమూ లేదు.

సంతకం: రైమో టుప్పురైనెన్
మార్చి 20, గురువారం, ఉదయం 10.40