కాచని తప్పెట

గుండ్లకొట్టాల అనే ఊర్లో మద్దిలేటి. చాటింపు మద్దిలేటి అంటారు. ఆయప్ప గొంతు ఒకసారి ఇన్నోళ్లు మరిచిపోరు. వాళ్ల నాయనదీ అదే గొంతంట, వాళ్ల తాతదీ అదే గొంతంట. ఆ కాలంలో తప్పెట, ఈ కాలంలో ఆటోకి మైకు, అంతే తేడా. రేషను బియ్యం వచ్చినాయన్నా, బర్రెలకి సూదులేసే డాక్టరు వచ్చినాడన్నా, ఎవురన్నా ముసలామె తప్పిపోయిందన్నా, ఊరికి ఆ గొంతులోనే తెలిసేది. 'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా' అని ఎత్తుకున్నాడనుకో, పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఆడోళ్లు వాకిట్లోకి వచ్చి నిలబడాల్సిందే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కతంతా దీని మీదనే ఉంది. సగం ఇని ఆపేసేటోళ్లు ఇప్పుడే ఆపేయండి, సగం ఇంటే దీంట్లో పాపముంది, ఎందుకో చివర్లో చెప్తా.

ఇంగ ఆ ఊర్లోనే సుంకులమ్మ అని ఒకామె. మొగుడు పోయినా గాజులు తియ్యలా, బియ్యప్పిండి నిప్పట్లు నూనెలో కాల్చి బతుకుతాంది. ఊర్లో అమ్మేదే గాక ఫోన్లో పేజీ పెట్టుకుంది, ఫోటోలు పెడతాది, బెంగుళూరు నుంచీ హైదరాబాదు నుంచీ అడుగుతారు, బస్సులో డబ్బాలేసి పంపుతాది. ఆ మనిషికంతా ఆ పేరే ఆస్తి, ఇంగేమీ లేదు. ఒకనాడు ఏమైందంటే, మద్దిలేటి ఆమె అరుగు మీదనే కూర్చోని నిప్పట్టు నములుతాండాడంట. నములుతా నములుతా ఫోను చూస్తే ఎవురో వీడియో పంపినారు. ఒక బాణలి, నూనెలో బల్లి చచ్చి తేలుతాంది, పక్కన పచ్చగాజుల చెయ్యి. మొగం లేదు, ఊరు లేదు, పేరు లేదు. 'నిప్పట్లు తినేటోళ్లు చూసుకోండి' అని రాసుంది. ఈయప్ప తలెత్తి లోపలికి చూసినాడు. సుంకులమ్మ చేతికి పచ్చగాజులు! నోట్లో నిప్పట్టు అట్లనే ఉమ్మేసినాడంట. రెండడుగులేస్తే పొయ్యికాడ ఆమె ఉంది, ఏమ్మా ఇదేంది అని అడగొచ్చు కదా? అడగడు. వాళ్ల ఇంటావంటా అడిగే అలవాటు లేదు. చాటింపోడు చేతికిచ్చింది చాటాల గానీ, ఇది నిజమేనా సామీ అని ఎవురినన్నా అడుగుతాడా? ఆ అరుగు మీదనే ఫోను నోటికాడ పెట్టుకొని ఎత్తుకున్నాడు, 'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, సుంకులమ్మ నూనెలో బల్లి పడినది, ఎవురునూ తినరాదు' అని. ఊరి గ్రూపులో ఇడిసినాడు. అది చాలదని అదే వాయిసు మైకుకి తగిలించి ఆటో ఊరంతా తిప్పినాడు. అరుగు కాడ మొదలుపెట్టి, పాలకేంద్రం, మసీదు మూల, బస్సు నిలిచే చోటు, అట్ల.

ఇంగ చూస్కో. పొద్దు గుంకేలోపల ఆ గొంతు చుట్టుపక్క ఊర్ల ఫోన్లలోకి పోయింది, ఆణ్నుంచి బెంగుళూరు పోయింది. పంపిన డబ్బాలు పంపినట్లే వెనక్కి వచ్చినాయి. పేజీలో ఎవురెవురో, ముక్కూ మొగం తెలీనోళ్లు, నోటికొచ్చినట్లు రాసినారు. తిండి చూసే ఆఫీసరు వచ్చి నూనె సీసాలో పట్టుకపోయి చూసి, ఏమీ లేదమ్మా, చక్కగా ఉందన్నాడు. పోలీసాయన, ఆ వీడియో ఎప్పటిదో పాతది, ఈ రాష్ట్రానిదే కాదన్నాడు. అయినా ఒక్కరు రాలేదంట. ఎందుకొస్తారు? అబద్ధం మద్దిలేటి గొంతులో వచ్చె. నిజం ఎవురి గొంతులో వచ్చింది? పొయ్యి ఆరిపోయింది, బాణలి బోర్లించి దాని మీద కూర్చోనుండేదంట సుంకులమ్మ.

కూర్చోని ఏడ్చే రకం కాదులే ఆమె. నంద్యాలకి పోయి లాయరమ్మతో నోటీసు ఇప్పించింది. మద్దిలేటికొకటి, గ్రూపు నడిపే ఎరువులంగడి చౌడప్పకొకటి. చౌడప్పేమో, 'నేను పండగలకి దండాలు పెట్టుకునేదానికి గ్రూపు పెట్టినా సామీ, అమ్మతోడు, నేను నోరు కూడా తెరవలా' అని కనపడినోళ్లకంతా చెప్పేటోడంట. మద్దిలేటి లాయరమ్మ కాడికి పోయి, అమ్మా, వీడియో నాది కాదు, నాకొచ్చింది నేను చాటినా, మోసేటోడిని కొడితే ఎట్ల అన్నాడు. ఆమె అనిందంట, వీడియోలో సుంకులమ్మ అని పేరుందా? లేదమ్మా. మరి ఆ పేరు యాణ్నుంచి వచ్చింది, నీ నోట్లోనుంచే కదా. పేరు ఉన్నా అంతేనబ్బా, నాకొచ్చింది పంపినా అంటే కోర్టు ఊరుకోదు, పంపినోడు పంపినదానికి పూచీ పడాల. ముందు నువ్వు యాడాడ చాటినావో ఆడల్లా తప్పని చాటు. మిగతాది తర్వాత మాట్లాడదాం. సరేనమ్మా అని బయటికొచ్చి ఈ పెద్దమనిషి ఏం చేసినాడు? చాటలా. సిగ్గు. వాయిసు తీసేసినాడు. తీసేస్తే పాయె కదా అనుకున్నాడు.

ఆణ్నుంచి మొదలైంది. మర్నాడు పట్టపగలు, బర్రెల డాక్టరొచ్చినాడని చాటను పోయినాడు. తన చెవికి తను చెప్పేది బాగానే ఇనపడతాంది. జనం మాత్రం మొగాలు అదోలా పెట్టి చూస్తాండారు. ఏమైందంటే, మైకులోంచి వాళ్లకి ఇనపడేది, 'సుంకులమ్మ నూనెలో బల్లి పడినది'. మైకు ఆపి నోటితో చెప్పినాడు. అదే మాట. ఇంటికొచ్చి పెండ్లాన్ని నీళ్లడిగినాడు. ఆమె చెంబు కింద పడేసి, మళ్లీ అదేనా, నీకేం పుట్టిందయ్యా అని ఏడ్చింది. తన నోట్లో ఏమనుకున్నా సరే, బయటికొచ్చేది అదొక్కటే. చౌడప్ప ఫోను తొట్లో పడి, తేమ పోవాలని బియ్యం డబ్బాలో పెట్టుంటే, చచ్చిన ఫోను కదా అది, మూతేసిన డబ్బాలోంచి సన్నగా 'ఇందుమూలముగా' అనిందంట. చౌడప్ప ఆ బియ్యం వండుకోలేదు, కోళ్లకేసినాడు. కోళ్లు కూడా ముట్టలేదంటారు, అది నేను చూల్లేదు.

మద్దిలేటి వాళ్లమ్మ ఈరమ్మకి చెవుడు. పెదాలు చూసి మాట తెలుసుకుంటాది. ఊరు మొత్తంలో కొడుకు చెప్పేది అర్థమైంది ఆమెకొక్కదానికే. ముందర కూర్చోని అంతా చెప్పుకున్నాడు. ఇని, కాదు చూసి, అనింది: ఓరే అబ్బీ, మీ నాయన ఒకసారి బతికున్నోణ్ని సచ్చినాడని చాటినాడు. మర్నాడు తిరుగు చాటింపు చేసినాడు. తప్పెట తీస్కో. యాడ ఆపినావో ఆణ్నుంచి మొదలుపెట్టు, వెనక్కి నడుచుకుంటా రా, మొదలుపెట్టిన చోట ముగించు. తప్పెట మంటకి కాచద్దు. కాచితే అది గొప్పకి మోగుతాది, కాచకుంటే మొద్దుగా మోగుతాది. తప్పు ఒప్పుకునేదానికి ఆ మోతే సరి.

మిట్టమధ్యాన్నం, చెట్టు నీడ కూడా కదలని ఎండ. అటక మీద తప్పెట దింపి, కాచకుండా, బస్సు నిలిచే చోటి నుంచి ఎత్తుకున్నాడు. దబ్. దబ్. తడిగుడ్డ మీద కొట్టినట్టుంది. తప్పు చాటినాను అన్నాడు, జనానికి బల్లి అనే ఇనపడింది. మసీదు మూలకొచ్చేసరికి రెండు మాటలూ కలిసి ఇనపడినాయంట, ఒక నోట్లో ఇద్దరు మాట్లాడినట్లు. పిల్లోళ్లు జడుసుకొని ఇండ్లలోకి ఉరికినారు. పాలకేంద్రం కాడ బల్లి సన్నబడింది. ఇంగ మిగిలింది యాడ? మొదలుపెట్టింది యాడ? అరుగు. నిప్పట్టు నమిలిన అరుగు. సుంకులమ్మ వాకిట్లోనే నిలబడుంది. ఆ ఒక్క మూలనే వదిలేసి పోదామని కాలు వెనక్కి లాగిందంట. అయినా నిలబడి, కాచని తప్పెట మూడు దెబ్బలేసి, 'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, సుంకులమ్మ నూనెలో బల్లి లేదు, మద్దిలేటి అడక్కుండా చాటినాడు' అన్నాడు. తేటగా ఇనపడింది, అందరికీ. చౌడప్ప వెంటనే కొత్త ఫోన్లో దాన్ని పట్టి గ్రూపులో పెట్టినాడు, ఈసారి నోరు తెరిచి మరీ.

సుంకులమ్మ ఏమనిందంటారు? లోపలికి పోయి బాణలి తిరగేసి పొయ్యి మీద పెట్టింది. తొలి వాయి నిప్పట్టు తెచ్చి, తిను, అందరూ చూస్తాండారు అనింది. తిన్నాడు. నోరు కాలినా తిన్నాడు. అక్కా, కేసు తీసేస్తావా అన్నాడు. 'తియ్యను. నీ గొంతు ఊరు దాటి యాడికి పోయిందో నువ్వూ ఆడికి పో. అంతా తిరిగొచ్చినాక లాయరమ్మకి నేనే చెప్తా' అనింది.

తిరుగుతానే ఉండాడు. మొన్న డోను ఊరి పక్క టీ బంకు కాడ నేను చూసినా. బంకాయన చెక్క మీద పగిలిన ఫోను, బ్యాటరీ కూడా లేదు, దాంట్లోంచి 'నూనెలో బల్లి' అంటాంది. ముందర మద్దిలేటి గొంతుకూర్చోని తప్పెట దబ్మని కొట్టి, లేదు, అంటాడు. ఫోను కొంచేపు ఊరకుంటాది. ఎవురో చెప్పేది ఇంటాండేటట్లు ఊరకుంటాది. మళ్లీ బల్లి అంటాది. మళ్లీ దబ్. నా టీ చల్లారిపోయింది.

సుంకులమ్మ నిప్పట్లు ఇప్పుడు బాగా పోతాండాయి, నేనూ తెప్పించుకున్నా, నువ్వులు కొంచెం ఎక్కువేస్తాది. మీ ఫోన్లో యాడన్నా ఆ పాత వాయిసు ఉంటే తీసేయద్దు, ఆయప్పకి కబురు చేయండి, దారి తెలియక తిరుగుతాండాడు పాపం. ఇంగ ఈ కత ఎవురికన్నా పంపేటోళ్లు మొత్తం పంపండి నాయనా. బల్లి కాడికి ఇని ఆపేసి పంపినారనుకో, ఈసారి తిరగాల్సింది నా గొంతు, నాకు మోకాళ్ల నొప్పులు.