వంతెన ముందు చుట్లు

అక్టోబరు చివరి వారం. చలి ముదరకముందే దక్షిణానికి పోయే తెరచాప పడవలు కరొలినా కాలువలో బారులు తీరాయి. మూసి ఉన్న వంతెన ముందు, ఎక్కడో ఉత్తరాన మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చిన పడవొకటి గుండ్రంగా తిరుగుతోంది. చుక్కాని దగ్గర వెండెల్. పక్క బల్ల మీద, సంచీ సర్దుకుని కూర్చున్న అతని భార్య లోర్నా.

"పిలిచావా, పిలవలేదా?"

"పిలిచాను లోర్నా. నీ ముందే కదా పిలిచింది."

"మరి తెరవదేం? మూడింటికి తెరవాలి. మూడూ ఐదయింది."

"వంతెన ఆవిడకి ఏదో పనుంటుంది. కాఫీ తాగుతోందేమో."

"నేను దిగిపోతానంటున్నానని నువ్వే సరిగ్గా పిలవలేదేమోనని నా అనుమానం."

"ఏంటా మాట! బటన్ నొక్కాను. 'అమ్మా, తెరచాప పడవ లోర్నా, దక్షిణానికి పోవాలి, వంతెన తెరవండి' అన్నాను. బటన్ వదిలాను. 'మూడింటికి తెరుస్తా నాయనా' అని ఆవిడ అనడం నువ్వూ విన్నావు. మైకు ఆ బల్ల మీద పడేశాను. రేడియోకి ఎర్ర దీపం కూడా వెలుగుతోంది చూడు, నిక్షేపంగా ఉంది. ఇంకేం చెయ్యను, ఈదుకుంటూ వెళ్ళి తలుపు తట్టనా?"

"ఇదిగో, ఈ పేరొకటి. నా పేరు పడవకి పెట్టొద్దు మొర్రో అన్నాను. 'లోర్నా వెడల్పు పదకొండడుగులు.' 'లోర్నా మళ్ళీ బురదలో కూర్చుంది.' 'లోర్నాకి వెనక్కి తిరగడం రాదు.' రేడియోలో, ఊరందరూ వినేలా!"

"ప్రేమతో పెట్టాను."

"పోయినవారం 'లోర్నా అడుగున నాచు పట్టింది, గోకించాలి' అన్నావు."

"అదీ ప్రేమతోనే అన్నాను. కదలకుండా కూర్చో, దిండు జారిపోతోంది."

"ఏంటా బూర? వంతెన మీంచే ఊదుతున్నారు."

"పలకరిస్తోంది. ఈ దక్షిణాది వాళ్ళు మర్యాదస్తులు. చెయ్యూపు."

"ఐదుసార్లు ఊదింది."

"మనం బాగా నచ్చినట్టున్నాం."

"నవ్వించకు. నాకు నవ్వొస్తే కోపం పోతుంది, ఈసారి పోకూడదు. వంతెన దాటితే రేవు. రేవులో దిగుతాను, బస్సెక్కుతాను, మా అక్క ఇంటికి పోతాను. నువ్వు ఫ్లోరిడా పో, చంద్రమండలం పో, నీ ఇష్టం."

"ఇంత చిన్న విషయానికా?"

"చిన్న విషయమా? మన వెనక పడవలో ఆమోస్‌కి డెబ్భై నాలుగేళ్ళు. ఆయన భార్య హెట్టీకి డెబ్భై ఒకటి. నీ మాట నమ్మి ఎడమ గట్టు పట్టుకుని పోయి, ఆరు గంటలు పడవ పక్కకి ఒరిగిపోయి బురదలో కూర్చున్నారు. ముందురోజు మనం కూరుకుపోయింది ఎక్కడ? అదే ఎడమ గట్టు! అదే బురద!"

"ఏ దారిన వచ్చారు కెప్టెన్ అని రేడియోలో అడిగారు. ఎడమ గట్టునే వచ్చామన్నాను. అది నిజమే కదా? కూరుకుపోయిన సంగతొక్కటే చెప్పలేదు."

"వాళ్ళకి కావలసింది ఆ ఒక్క సంగతే!"

"ఎలా చెప్పమంటావు?"

"నోటితో. మర్నాడు హెట్టీ వచ్చి 'తప్పు మాదే కెప్టెన్, మీరు చెప్పింది మాకే సరిగ్గా అర్థం కాలేదు' అంటే నువ్వేమన్నావు? 'ఫరవాలేదమ్మా, అనుభవం మీద మీకే వస్తుంది' అన్నావు! నేనప్పుడే లోపలికెళ్ళి సంచీ తీశాను."

"తప్పు నాదే హెట్టీ అని నోటిదాకా వచ్చింది లోర్నా. ఒట్టు. మింగేశాను. అప్పట్నుంచీ అన్నం సహించట్లేదు."

"నిన్న నాలుగు రొట్టెలు తిన్నావు."

"సహించకుండానే తిన్నాను."

"ఇప్పటికి ఎన్నిసార్లు కూరుకుపోయాం? చెప్పు."

"రెండు."

"అది రేడియో లెక్క. నాకు చెప్పు."

"నాలుగు."

"వెండెల్."

"ఏడు. నీళ్ళలో దారి చూపే ఆ తేలే గుర్తుని గుద్దింది కలిపితే ఎనిమిది."

"రేవులో డీజిలు పంపుని గుద్దింది?"

"అది నేల మీదుంది, లెక్కలోకి రాదు. అయినా పడవ నడపడం వచ్చేసింది నాకు. ఆపడం ఒక్కటే ఇంకా రాలేదు."

"వెనక పడవల వాళ్ళంతా చేతులూపుతున్నారేంటి?"

"చూశావా? నేనంటే వాళ్ళకి గౌరవం."

"ఆమోస్ ముందుకొచ్చి నిలబడ్డాడు. చెవి చూపిస్తున్నాడు. నోరు చూపిస్తున్నాడు."

"పాపం, ముసలాయన. పన్ను నొప్పేమో. సాయంత్రం లవంగ నూనె పంపిద్దాం."

"మళ్ళీ సలహా! నీకెందుకయ్యా ఈ కెప్టెన్ వేషం? ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూశావు. సముద్రం గురించి నీకు తెలిసిందంతా గ్రంథాలయం పుస్తకంలోది. అదీ తిరిగివ్వలేదు."

"అందుకే లోర్నా. ముప్పై ఏళ్ళు కుక్కలు తప్ప నన్నెవరూ ఎదురొచ్చి పలకరించలేదు. ఇక్కడ పొద్దున ఎనిమిదింటికి రేడియో పెడితే, 'కెప్టెన్ వెండెల్, ఇవాళ గాలెలా ఉంది?' అంటారు. పడవలన్నీ నోరు మూసుకుని నేనేం చెప్తానా అని వింటాయి. నాకు తెలీదు అనలేకపోయాను. ఒక్కసారి అనలేదు, ఇక ఎప్పటికీ అనలేకపోయాను."

"మరి గాలి సంగతి ఎలా చెప్తున్నావు రోజూ?"

"నీ జుట్టు చూసి."

"ఏంటీ?"

"పొద్దున్నే నువ్వు కాఫీ పట్టుకుని పైకొస్తావు కదా. నీ జుట్టు ఎటెగిరితే అటు. మొత్తం ఎగిరితే, ఇవాళ లంగరు తియ్యకండి అని చెప్తాను."

"దేవుడా!"

"నువ్వు దిగిపోతే నాకు గాలి కూడా తెలీదు లోర్నా. భయమేస్తుంది నాకు. నిజంగా. ఆ పెద్ద నీళ్ళలో అలలు లేచిన రోజు నీకు చుక్కాని ఇచ్చి లోపలికి పోయాను, గుర్తుందా? మ్యాపు వెతుకుతున్నానన్నాను. మ్యాపు వెతకలేదు. బల్ల కింద కూర్చుని ఏడ్చాను."

"తెలుసు. మ్యాపు నా ఒళ్ళోనే ఉంది."

"చెప్పలేదేం?"

"నేనూ ఏడుస్తున్నాను కాబట్టి. సరే విను. ఒక్క పని చెయ్యి. రేపు ఎనిమిదింటికి, రేడియోలో అందరూ ఉండగా, ఇప్పుడు నాకు చెప్పినవన్నీ చెప్పు. ఏడుసార్లూ చెప్పు. ఎడమ గట్టు సంగతి హెట్టీకి చెప్పు. సంచీ విప్పేస్తాను."

"అందరికీనా?"

"అందరికీ."

"నీకు చెప్పాను కదా, చాలదా?"

"నాకు తెలిసిందే నాకు చెప్పడం కూడా చెప్పడమేనా?"

"నావల్ల కాదు. ఇక ఏ రేవులోనూ తలెత్తుకోలేను. అయినా నాకేనా నీతులు? మా అమ్మమ్మ చేసే ఆల్చిప్పల సూప్ అని పదహారుమందికి వడ్డించావు. కొట్లో కొన్న సూప్ డబ్బాలు తొమ్మిది నేనే తెరిచాను. ఖాళీ డబ్బాలు నా పరుపు కింద దాచావు. వారం రోజులు గలగలమంటూ పడుకున్నాను!"

"అది వేరు."

"ఎలా వేరు? హెట్టీ ఎలా చేస్తారని అడిగితే, 'మా ఇంటి గుట్టు, చెప్పకూడదు' అన్నావు."

"గుట్టే కదా మరి! పైగా నా సూప్ తాగి ఎవరూ బురదలో కూరుకుపోలేదు. మాట మార్చకు. చెప్తావా, దిగనా?"

"దిగమని అనలేను."

"చెప్తావా?"

"చెప్తానని కూడా అనలేను."

"అయితే నేను లేస్తున్నాను. సంచీ పట్టుకుని పడవ ముందు నిలబడతాను. నువ్వు ఇక్కడే చుట్లు తిరుగు..."

"హమ్మయ్య, లేచారు! తెరచాప పడవ లోర్నా, లోర్నా, నేను వంతెన మీంచి ఒడెట్టాని. ఆ మైకు మీద ఎవరు కూర్చున్నారో గానీ, మీకు దండం పెడతాను, మళ్ళీ కూర్చోకండి."

"ఏంటది? రేడియోనా?"

"వెండెల్. మైకు నా దిండు కింద ఉంది."

"దిండు కిందా? బటన్?"

"బటన్ మీదే. దిండు కింద మైకు, దిండు మీద నేను."

"అయ్యా కెప్టెన్, ఇరవై నిమిషాలయింది. బటన్ నొక్కి ఉంటే మీ మాటే అందరికీ పోతుంది, ఇంకెవరి మాటా మీకు రాదు. మాట అందకుండా నేను వంతెన తెరవకూడదు. ఐదుసార్లు బూర ఊదితే చెయ్యూపుతారా నాయనా?"

"అంటే... అంతా విన్నారా లోర్నా?"

"నన్నడుగుతావేం? నేను నీతోనే ఉన్నాను కదా."

"మీ మాట ఇప్పుడు నాకు రాదు గానీ, అడుగుతూనే ఉంటారు కాబట్టి చెప్తున్నాను. అంతా విన్నాం. ఏడుసార్లు, డీజిలు పంపు, బల్ల కింద ఏడుపు. మీ వెనక పదిహేను పడవలున్నాయి. ఎగువ వంతెనాయన కూడా వింటున్నాడు. జుట్టు సంగతి దగ్గర ఆయన కళ్ళు తుడుచుకున్నాడట."

"లోర్నా, నేను నీళ్ళలో దూకేస్తాను."

"దూకకు. ఇక్కడ లోతు లేదు, కూరుకుపోతావు."

"లోర్నా, నేను హెట్టీనమ్మా, సరిగ్గా మీ వెనకే ఉన్నాం. మీ ఆయన మింగేసిన మాట మాకు అందిందని చెప్పు. కోపం వచ్చింది, కాదనను, ఆరు గంటలు ఒరిగి కూర్చుంటే నడుం పడిపోయింది నాకు. కానీ ఆమోస్ కూడా ఇప్పుడే ఒప్పుకున్నాడు, మేము కూరుకుపోయింది రెండుసార్లు కాదట, పదకొండట. మిగతా తొమ్మిదిసార్లూ చేపలకోసం ఆపానని నాకు చెప్పాడు. గాలమే లేదు మా దగ్గర! ఇంతకీ ఆ సూప్ ఏ డబ్బాదమ్మా? మాక్కూడా కావాలి."

"వినిపించిందా వెండెల్?"

"వినిపించింది."

"కబుర్లు తర్వాత చెప్పుకోండి. మూడున్నరకి తెరుస్తున్నాను. లోర్నా, రేవులో ఆగుతారా, నేరుగా పోతారా? మైకు తీసుకుని చెప్పండి. ఈసారి చేత్తో నొక్కండి."

"చెప్పు వెండెల్, అడుగుతోంది."

"నువ్వే చెప్పు. దిగుతానంటే దించుతాను, ఇంకేమీ అనను. సంచీ నేనే మోస్తాను బస్సు దాకా."

"ఇటివ్వు. ఒడెట్టమ్మా, నేను లోర్నాని మాట్లాడుతున్నాను, పడవ కాదు, మనిషిని. మేం ఆగట్లేదు. మా ఆయనకి ఆపడం ఇంకా రాలేదు."