పొడుగు తోక పావురం

కోయిలకుంట్ల చర్చికి చేసిన కొత్త బల్ల పక్కన వడ్రంగి ఆచారి, సంఘపెద్ద ఏసన్న నిలబడి ఉన్నారు.

“నల్లకొయ్యలో తెల్లకొయ్య పొదిగినా, ఏసన్నా. యాడన్నా లోపం చూపిస్తే ఉలి పారేస్తా!”

“సిలువ శానా బాగుండాది, ఆచారీ. పావురాన్ని పెట్టమని దేవదూత నీ కలలోకొచ్చి చెప్పినాడంటివే, ఆ సంగతి మిషను దొరగారికి జాబు రాసినా. చూసేదానికి ఆదివారం వస్తాండాడు.”

“అప్పుడే రాసేస్తివా!”

“తేడా వస్తే నా పెద్దరికం పోతాది. అవునప్పా, పావురానికి నెమలంత తోకేమి?”

“నల్లకొయ్యను పురుగు అంతదూరం తొలిచింది. బొక్క పోయినంతమేరా తోకను పోనిచ్చినా.”

“అంటే లోపమే కదా! ఉలి పారెయ్!”

“పారేస్తా. ఏ దినమో చెప్పలేదు కదా!”

“మరి నీ కలంతా అబద్ధమేనా?”

“దేవదూత ఒక్కడే కల్పన, ఏసన్నా. పురుగు నిజంగానే వచ్చింది.”